కండరం పనిని వెలుతురుతో కొలవడం

పనిచేస్తున్న కండరానికి నిమిషానికి ఎంత రక్తం అందుతోంది, ఆ రక్తంలోని ఆక్సిజన్‌ను కండరం ఎంత వాడుకుంటోంది అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. సూది గుచ్చకుండా, చర్మం కోయకుండా, కాంతిని లోపలికి పంపి, బయటికి తిరిగి వచ్చిన కాంతిని చదివి ఈ రెండింటికీ జవాబు రాబట్టే పద్ధతులు గత యాభై ఏళ్లలో రూపుదిద్దుకున్నాయి. నారాయణపేటలో గుంట మగ్గం మీద చీర నేసే మనిషి శరీరాన్ని ఉదాహరణగా తీసుకుంటే ఈ కొలతల అవసరమూ, వాటికున్న పరిమితీ తేటగా కనిపిస్తాయి.

గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న నేతగాడి పాదాలు కింద ఉన్న కర్రలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటాయి. ఒక చెయ్యి తాడు లాగి నాడెను ఈ అంచు నుంచి ఆ అంచుకు పంపుతుంది. రెండో చెయ్యి పలకను ముందుకు లాగి పేకను బిగిస్తుంది. పిక్కలు, తొడలు, ముంజేతులు బిగుసుకుని, సడలి, మళ్లీ బిగుసుకుంటాయి. మెడ, భుజాల వెనుక, నడుము దగ్గరి కండరాలు మాత్రం దాదాపు కదలవు. అవి గంటల తరబడి ఒంటిని ముందుకు వంగిన తీరులో నిలిపి ఉంచుతాయి. చూసేవారికి కాళ్లూ చేతులే కష్టపడుతున్నట్టు ఉంటుంది. సాయంత్రానికి నొప్పి చెప్పేది మాత్రం చాలాసార్లు ఆ కదలని కండరాలే.

విశ్రాంతిగా ఉన్న కండరానికి, ప్రతి 100 గ్రాములకు, నిమిషానికి సుమారు 3 నుంచి 4 మిల్లీలీటర్ల రక్తం చాలు. గట్టిగా పనిచేసేటప్పుడు ఇది పదుల రెట్లు పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో 100 మిల్లీలీటర్ల ధమని రక్తం దాదాపు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. విశ్రాంతిలో కండరం దాంట్లో పావు వంతో, కొంచెం ఎక్కువో తీసుకుంటుంది. కష్టపడే వేళ ముప్పావు వంతుకు పైగా లాగేసుకుంటుంది. అంటే కండరం తన అవసరాన్ని రెండు దారుల్లో తీర్చుకుంటుంది: ఎక్కువ రక్తం రప్పించుకోవడం ఒకటి, వచ్చిన రక్తంలోంచి ఎక్కువ ఆక్సిజన్ తీసుకోవడం రెండోది. ప్రవాహాన్ని, ధమనికీ సిరకూ మధ్య ఆక్సిజన్‌లో వచ్చిన తేడాతో గుణిస్తే వాడకం వస్తుందని జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫిక్ 1870లో చెప్పాడు. ఈ రంగంలోని కొలతలు చాలావరకు ఆ గుణకారం మీదే ఆధారపడతాయి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శ్రమను తేలిక, మధ్యస్థం, కఠినం అని విభజించి ఆహార అవసరాలను లెక్కకడుతుంది. ఇలాంటి లెక్కలకు ఆధారం ఒళ్లంతా కలిపి వాడే శక్తి. దాన్ని ఊపిరిలోకి వెళ్లే, బయటికి వచ్చే గాలిని బట్టి కొలవవచ్చు. కానీ ఊపిరి కొలత ఒంటి మొత్తానికి కలిపి ఒకే అంకె ఇస్తుంది. మగ్గం మీద పిక్కకు రక్తం ధారాళంగా అందుతూ, అదే సమయంలో మెడ కండరం ఆక్సిజన్‌కు కటకటలాడుతుంటే ఆ అంకెలో ఏమీ తెలియదు. కండరం దగ్గరికే వెళ్లి కొలవాలి.

అందుకు వీలు కల్పించేది హిమోగ్లోబిన్ రంగు. ఆక్సిజన్ పట్టుకున్న రక్తం ఎర్రగా మెరుస్తుంది, వదిలేసిన రక్తం నల్లబారుతుంది. ఈ మార్పు ఆక్సిజన్ వల్లనే వస్తుందని 1864లో ఇంగ్లండ్‌లో జార్జ్ స్టోక్స్ వర్ణపటం సాయంతో చూపించాడు. 1876లో జర్మనీలో కార్ల్ ఫాన్ ఫియరోర్ట్ చేతికి రక్తం రాకుండా ఆపి, వేళ్ల గుండా వచ్చే కాంతి వర్ణపటం ఎలా మారుతుందో గమనించాడు. ఇప్పటి పద్ధతులన్నిటికీ మూలం ఆ చిన్న ప్రయోగంలోనే ఉంది. 1930లలో కేంబ్రిడ్జ్‌లో గ్లెన్ మిలికన్ పిల్లి కాలి కండరం మీద కాంతి ప్రసరింపజేసి, కండరం బిగుసుకున్నప్పుడు ఆక్సిజన్ ఎంత వేగంగా ఖర్చవుతుందో చూశాడు.

అయితే మామూలు వెలుతురు మాంసంలో కొన్ని మిల్లీమీటర్లు దాటి పోదు. రాత్రిపూట టార్చి మీద అరచెయ్యి మూసినప్పుడు వేళ్ల సందుల్లో ఎర్రని వెలుగు కనబడుతుంది. నీలం, ఆకుపచ్చ కాంతులను రక్తం పీల్చుకోగా మిగిలిన ఎరుపు అది. ఎరుపు దాటి, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిలో, సుమారు 650 నుంచి 950 నానోమీటర్ల మధ్య, రక్తమూ నీరూ రెండూ కాంతిని తక్కువగా పీల్చుకుంటాయి. అంతకు తక్కువ తరంగదైర్ఘ్యంలో హిమోగ్లోబిన్, అంతకు ఎక్కువలో నీరు దారి మూసేస్తాయి. ఈ మధ్య సందులోంచి సజీవ కణజాలం లోపలికి చూడవచ్చని 1977లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం నుంచి ఫ్రాన్స్ యోబ్సిస్ నిరూపించాడు. ఆయన చూసింది మెదడునీ, గుండెనీ. కండరం మీద ఈ పద్ధతిని విస్తృతంగా వాడినవారిలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన బ్రిటన్ చాన్స్ ముఖ్యుడు. 1992లో ఆయన బృందం పడవ పోటీల క్రీడాకారుల తొడ కండరంలో ఆక్సిజన్ ఎలా పడిపోయి తిరిగి కోలుకుంటుందో ప్రచురించింది.

ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ 760 నానోమీటర్ల దగ్గర కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆక్సిజన్ ఉన్నది 800 దాటాక ఎక్కువగా పీల్చుకుంటుంది. 800 దగ్గర రెండూ సమానం. అందువల్ల కనీసం రెండు తరంగదైర్ఘ్యాల కాంతిని పంపి, ఒక్కొక్కటి ఎంత తగ్గిందో చూస్తే ఏ రకం హిమోగ్లోబిన్ ఎంత మారిందో విడదీయవచ్చు. చర్మం మీద ఒక చిన్న దీపం, దానికి మూడు సెంటీమీటర్ల దూరంలో ఒక కాంతి గ్రాహకం పెడతారు. లోపలికి వెళ్లిన కాంతి సూటిగా పోదు, అడుగడుగునా చెదురుతూ వంపు దారిలో తిరిగి పైకి వస్తుంది. అది చేరే లోతు, దీపానికీ గ్రాహకానికీ మధ్య దూరంలో సుమారు సగం. తిరిగిన దారి మాత్రం ఆ దూరానికి నాలుగైదు రెట్లు ఉంటుంది. ఈ దారి పొడవును లెక్కలోకి తీసుకుని కాంతి శోషణ సూత్రాన్ని సజీవ కణజాలానికి సరిపోయేలా సవరించినది లండన్‌లో డేవిడ్ డెల్పీ బృందం, 1988లో.

కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ చేరిన పల్స్ ఆక్సీమీటర్‌ది కూడా ఇదే మూలసూత్రం, కానీ అది చూసేది వేరు. అది నాడితో పాటు కొట్టుకునే ధమని రక్తాన్ని మాత్రమే ఏరి చదువుతుంది. ఊపిరితిత్తులు తమ పని చేశాయా లేదా అని చెబుతుంది. కండరం మీద పెట్టే పరికరం సన్నని ధమనులు, కేశనాళికలు, సన్నని సిరల్లోని రక్తాన్ని కలిపి చూస్తుంది. వేలి మీద 98 శాతం చూపుతున్న మనిషి మెడ కండరంలో ఆక్సిజన్ సగానికి పడిపోయి ఉండవచ్చు. రెండింటిలో అబద్ధం ఏదీ లేదు.

ఈ శాతంతోనే పని ముగిసిందని అనుకోవడం ఈ రంగంలో అన్నిటికంటే తరచుగా జరిగే పొరపాటు. నారాయణపేట ఉన్న పాలమూరు ప్రాంతంలో ఒక చెరువులో నీటిమట్టం తగ్గిందంటే వాగు నుంచి రాక తగ్గి ఉండవచ్చు, తూము కింద వాడకం పెరిగి ఉండవచ్చు. మట్టం కొలిచే రాయి మీది గీత చూసి ఆ రెండింటిలో ఏది జరిగిందో ఎవరూ చెప్పలేరు. కండరంలోని ఆక్సిజన్ శాతం కూడా అలాంటి మట్టమే. రాకనూ వాడకాన్నీ విడిగా కొలవనంతవరకు ఆ శాతానికి అర్థం చెప్పడం తొందరపాటే అవుతుంది.

విడదీయడానికి వాడే సాధనం ప్రతి ఆరోగ్య కేంద్రంలోనూ ఉండే బీపీ పట్టీ. ముంజేతి కండరం మీద కాంతి పరికరం అమర్చి, పై చేతికి పట్టీ కట్టి 50 మిల్లీమీటర్ల పాదరస పీడనం దగ్గర ఆపితే సిరలు మూసుకుంటాయి, ధమనులు మూసుకోవు. రక్తం వస్తూనే ఉంటుంది, వెనక్కి పోలేదు. మొదటి కొన్ని సెకన్లలో కండరంలోని మొత్తం హిమోగ్లోబిన్ ఎంత వేగంగా పెరుగుతుందో చూసి, ఆ మనిషి రక్తంలో ఉన్న హిమోగ్లోబిన్ గాఢతతో భాగిస్తే రక్తప్రవాహం మిల్లీలీటర్లలో వస్తుంది. సిరలు నిండిపోయేదాకా ఆగితే వెనక్కి తన్నే పీడనం వల్ల అంకె తక్కువగా వస్తుంది. అందుకే ఆ మొదటి సెకన్ల వాలునే తీసుకుంటారు.

వాడకం తెలుసుకోవడానికి పట్టీ పీడనాన్ని పై రక్తపోటుకంటే బాగా ఎక్కువకు, సాధారణంగా 200 దాటి, పెంచుతారు. ఇప్పుడు రాకా లేదు, పోకా లేదు. మొత్తం హిమోగ్లోబిన్ స్థిరంగా ఉంటుంది. ఆక్సిజన్ ఉన్నది తగ్గుతూ, ఆక్సిజన్ లేనిది అంతే మేరకు పెరుగుతూ పోతుంది. ఆ తగ్గుదల వేగమే కండరం వాడకం, ఎందుకంటే అక్కడ ఆక్సిజన్ పోవడానికి మరో దారి లేదు. ఒక్కో హిమోగ్లోబిన్ అణువు నాలుగు ఆక్సిజన్ అణువులను మోస్తుంది గనుక లెక్క సులువుగా తేలుతుంది. పట్టీ వదిలాక జరిగేది కూడా విలువైన సమాచారమే. ఆకలిగొన్న కండరానికి రక్తం ఉప్పెనలా వచ్చి, ఆక్సిజన్ మొదటి స్థాయిని దాటి పైకి పోయి, నెమ్మదిగా మామూలుకు వస్తుంది. ఆ పెరుగుదల ఎంత చురుకుగా ఉంటే రక్తనాళాలు అంత ఆరోగ్యంగా ఉన్నట్టు.

పని ఆపిన వెంటనే, ఐదు పది సెకన్ల పాటు పట్టీ బిగించి వదలడాన్ని పదేపదే చేస్తే మరో లోతైన విషయం బయటపడుతుంది. ప్రతి బిగింపులో వచ్చిన వాడకాన్ని వరుసగా గుర్తిస్తే, అది మొదట ఎక్కువగా ఉండి క్రమంగా విశ్రాంతి స్థాయికి దిగే వంపు గీత వస్తుంది. వ్యాయామం అలవాటైన కండరంలో ఆ దిగుదల వేగంగా, మూలనపడిన కండరంలో మందంగా ఉంటుంది. ఈ గీతకు అర్థం చెప్పిన జ్ఞానంలో ఒక తెలుగువాడి పాలు చాలా పెద్దది.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేశాడు. 1925లో ఇద్దరూ రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. భాస్వరం ఎంత ఎక్కువుంటే ద్రావణం అంత చిక్కని నీలం రంగు తేలుతుంది. ఆ రంగు గాఢతను చదివి లెక్కకట్టడమే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. ఆ పద్ధతిని కండరానికి అన్వయించినప్పుడు 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో కండరం శక్తికి ఆధారమైన ఏటీపీని వేరుచేసిన సంగతి ప్రకటించారు. కండరం బిగుసుకునే ప్రతిసారీ ఏటీపీ ఖర్చవుతుంది. ఆ క్షణంలోనే ఫాస్ఫోక్రియాటిన్ దాన్ని తిరిగి నింపుతుంది. పని ఆగాక ఖర్చయిన ఫాస్ఫోక్రియాటిన్‌ను తిరిగి కట్టుకోవడానికి మైటోకాండ్రియా ఆక్సిజన్ వాడుతుంది. పట్టీ బిగింపుల్లో కనిపించే వంపు గీత ఆ తిరిగి కట్టుకునే పనిదే. పెద్ద అయస్కాంతం ఉన్న యంత్రంతో భాస్వరాన్ని చూసి తీసిన గీత, కాంతితో తీసిన గీత దాదాపు ఒకే వేగంతో దిగుతాయని పరీక్షల్లో తేలింది. ఆ అయస్కాంతం దగ్గరికి నేతగాడు ప్రయాణం చేసి వెళ్లాలి. కాంతి పరికరం చేతిసంచిలో మగ్గం దగ్గరికే వస్తుంది.

పట్టీ పద్ధతికి ఒక లోటుంది: కొలిచే ప్రతిసారీ ప్రవాహాన్ని ఆపాలి. మెడకు, నడుముకు పట్టీ కట్టడం అసాధ్యం. అక్కడ పనికొచ్చేది లేజర్ కాంతి మినుకు. లేజర్ కాంతి కణజాలంలో చెదిరి బయటికి వచ్చినప్పుడు చర్మం మీద చుక్కలు చుక్కలుగా వెలుగు, నీడ ఏర్పడతాయి. లోపల ఎర్ర రక్తకణాలు కదులుతుంటే ఆ చుక్కలు కూడా క్షణక్షణం మారిపోతాయి. రక్తం వేగంగా పారితే మినుకు వేగంగా, మెల్లగా పారితే మందంగా ఉంటుంది. ఒక్కొక్క కాంతికణాన్ని లెక్కించే గ్రాహకంతో, సెకనులో లక్షో వంతు స్థాయిలో, ఈ మినుకు తన పాత రూపాన్ని ఎంత త్వరగా మరిచిపోతుందో కొలుస్తారు. దీని సిద్ధాంతాన్ని 1995లో డేవిడ్ బోయాస్, అర్జున్ యోధ్ తదితరులు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో స్థిరపరిచారు. ఈ మినుకుతో ప్రవాహం, రెండు రంగుల కాంతితో ఆక్సిజన్ శాతం ఒకేసారి తీస్తే ఫిక్ గుణకారం పూర్తవుతుంది, రక్తాన్ని ఎక్కడా ఆపకుండానే. అయితే ఇది ఇచ్చేది మిల్లీలీటర్ల లెక్క కాదు. మొదటితో పోలిస్తే ఎన్ని రెట్లు పెరిగింది, ఎంత తగ్గింది అన్నదే చెబుతుంది. పైగా కండర తంతువులు కదిలినా మినుకు మారుతుంది. కాలు తొక్కుతుండగా తీసిన అంకెలో రక్తం కదలిక ఎంతో, కండరం కదలిక ఎంతో కలిసిపోతాయి. అందుకే పని ఆగిన మరుక్షణం, లేదా తొక్కుకూ తొక్కుకూ మధ్య సడలిన క్షణంలో వచ్చిన సంకేతాన్ని మాత్రమే నమ్మాలి.

మగ్గం మీద ఈ కొలతలు చూపగల తేడా కండరాల స్వభావంలోనే ఉంది. కండరం బిగుసుకున్నప్పుడు లోపలి పీడనం పెరిగి సన్నని నాళాలు నొక్కుకుపోతాయి. తొక్కే కాలిలో ప్రతి సడలింపులోనూ రక్తం లోపలికి దూసుకొస్తుంది, పిక్క బిగుసుకున్నప్పుడు సిరల్లోని రక్తాన్ని గుండె వైపు నెడుతుంది. ఈ వంతుల వల్ల కాలి కండరం గంటల తరబడి నిలబడగలదు. మెడ, భుజాల కండరానికి సడలింపు దొరకదు. దాని బలంలో చిన్న వంతే వాడుతున్నా, ఆ వాడకం ఆగకుండా సాగుతుంది. ఇలాంటి చోట ఆక్సిజన్ తగ్గుతూ, ప్రవాహం పెరగకుండా ఉంటే కొద్ది నిమిషాలకొకసారి చేతులు దించి మెడ ఎత్తే విరామం అవసరమని చెప్పవచ్చు. ఆక్సిజన్, ప్రవాహం రెండూ నిలకడగా ఉండి నొప్పి మాత్రమే ఉంటే కారణం వేరే చోట, కీళ్లలోనో నరాల్లోనో, వెతకాలి. కూర్చునే పలక ఎత్తు, గుంట లోతు మార్చి ముందూ వెనకా తీసిన కొలతలు, ఏ మార్పు మేలు చేసిందో చెప్పగలవు. దేశమంతటా కాలువలు తవ్విన, ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీల శ్రమకు కొలత చాలాకాలం తవ్విన మట్టి గుంతల పరిమాణమే. ఆ శ్రమ చేసిన కండరంలో ఏం జరిగిందో కొలవడానికి ఇప్పుడు సాధనం ఉంది గనుక, దాన్ని క్రీడాకారుల శిక్షణ కేంద్రాలకే పరిమితం చేయడం అన్యాయం.

ఆ సాధనాన్ని ఇక్కడికి తెచ్చేవారు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరిగా తీసుకోవాలి. చర్మం కింది కొవ్వు పొర మందంగా ఉంటే కాంతి దారిలో ఎక్కువ భాగం అక్కడే గడిచిపోతుంది. కొవ్వులో రక్తం తక్కువ కాబట్టి కండరం వాడకం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. సెన్సర్ పెట్టే చోట కొవ్వు మందం కొలిచి రాసుకోని లెక్కలను ఇద్దరు మనుషుల మధ్య పోల్చకూడదు. ఎండాకాలం మధ్యాహ్నం ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మంలోకి మళ్లుతుంది, దాన్ని పరికరం కండరం ఖాతాలో వేసేస్తుంది. దీపానికి ఒక సెంటీమీటర్ లోపు దూరంలో మరో గ్రాహకం పెడితే అది చర్మాన్ని మాత్రమే చూస్తుంది, ఆ సంకేతాన్ని తీసివేయవచ్చు. కండరంలోనే ఉండే మయోగ్లోబిన్ రంగు హిమోగ్లోబిన్ రంగుకు దాదాపు ఒకటే, ఈ కాంతితో రెండింటినీ విడదీయడం కుదరదు.

చర్మం రంగు సంగతి ఇంకా ముఖ్యం. నల్లని చర్మంలో ఎక్కువగా ఉండే మెలనిన్ ఈ కాంతిని పీల్చుకుంటుంది. 2020లో ఒక ప్రముఖ అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం, పల్స్ ఆక్సీమీటర్ పట్టుకోలేకపోయిన ఆక్సిజన్ లోపం తెల్లవారికంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు తరచుగా ఉందని చూపింది. తెల్ల చర్మం మీద సరిచూసిన పరికరాన్ని ఎండలో పనిచేసే దక్కను మనుషుల మీద నేరుగా వాడితే అదే తప్పు కండరంలోనూ జరగవచ్చు. ఒకే మనిషిలో ముందూ వెనకా వచ్చిన మార్పును చూడడం ఇందుకే భద్రమైన దారి.

రక్తహీనత మరో చిక్కు తెస్తుంది. తెలంగాణ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. మగ్గం పనికి ముందు జరిగే నూలు చుట్టడం, ఆసు పోయడం లాంటి పనుల్లో స్త్రీల చేతులే ఎక్కువ. హిమోగ్లోబిన్ 15 గ్రాములకు బదులు 10 గ్రాములే ఉంటే శాతం మామూలుగానే కనబడుతుంది, కానీ అదే శాతం మోసే ఆక్సిజన్ మూడింట ఒక వంతు తక్కువ. రక్తపరీక్ష చేయకుండా తీసిన ప్రవాహం, వాడకం లెక్కలు రక్తహీనత ఉన్న స్త్రీ విషయంలో తప్పుతాయి.

ఆసుపత్రిలో ఈ పద్ధతికి సహజమైన చోటు కాలి రక్తనాళాలు పూడుకుపోయిన రోగి పరీక్ష. బీడీ, చుట్ట తాగేవారిలో, మధుమేహం ఉన్నవారిలో ధమనులు ఇరుకై, కొంత దూరం నడిచేసరికి పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతుంది. పిక్క మీద సెన్సర్ పెట్టి నడిపిస్తే ఆక్సిజన్ త్వరగా పడిపోతుంది, ఆగాక కోలుకోవడానికి ఆరోగ్యవంతులకంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. కాలి సిరలో గడ్డ ఉన్నవారికి, డయాలసిస్ కోసం నాళాలు కలిపిన చేతికి పట్టీ బిగించకూడదు. అలాంటివారికి నడకే పరీక్ష. ఈ రోగులు పర్యవేక్షణలో మూడు నెలలు నడక సాధన చేస్తే నడవగలిగే దూరం బాగా పెరుగుతుంది, చీలమండ దగ్గర రక్తపోటు మాత్రం చాలామందిలో పెద్దగా మారదు. ప్రవాహం పెరగకున్నా కండరం తనకు అందినదాన్ని మెరుగ్గా వాడుకోవడం నేర్చుకుందా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న. రాకనూ వాడకాన్నీ విడిగా తీసే కాంతి కొలత దానికి జవాబు ఇవ్వగలదు. సాధనకు ముందూ తర్వాతా సెన్సర్ ఒకే చోట ఉండడం అవసరం గనుక, మోకాలి మడత నుంచి ఎన్ని సెంటీమీటర్ల కింద పెట్టారో మొదటి రోజే రోగి కాగితం మీద రాసి ఉంచాలి.